గడ్డం గీయడానికి పట్టే టైమ్

ఇంగ్లండ్‌లో ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూసుకునే కేర్ వర్కర్‌ని నేను. పోయిన వారం మా సూపర్‌వైజర్ ఫోన్ చేసి గట్టిగానే అడిగింది. పొద్దున్న విజిట్‌కు రాసి ఉన్నది అరగంట, నువ్వు గంట దాకా ఆ ఇంట్లోంచి లాగవుట్ కాలేదు, యాప్‌లో కనిపిస్తోంది, అంతసేపు ఏం చేస్తున్నావని. గడ్డం గీస్తున్నానని చెప్పాను. అది కేర్ ప్లాన్‌లో, అంటే ఆయనకు ఏమేం చేయాలో రాసిన కాగితంలో, లేదు కదా అంది. ఆ తర్వాత నాకు బ్రేక్, ఇంకెవరి టైమూ తినలేదు. కానీ నా వీసా స్పాన్సర్‌షిప్ వాళ్ళ చేతిలో ఉంది. అది పోతే ఇంకో కొలువు వెతుక్కోవడానికి ఇక్కడ ఇచ్చేది 60 రోజులే. సరేనని ఫోన్ పెట్టేశాను. అప్పటినుంచి మనసులో ఆమెకు జవాబు చెప్తూనే ఉన్నాను.

ఆ ఇంటి పెద్దాయనకు పార్కిన్సన్స్. చేతులు వణుకుతాయి. తల ముందుకు వాలిపోయి గడ్డం ఛాతీకి ఆనుతుంది. నిలబడి గీస్తే గొంతు కింద ఏమీ కనబడదు. కింద కూర్చుని, పైకి చూస్తూ గీయాలి. ఇది నాకు ఇక్కడి ట్రైనింగ్‌లో ఎవరూ నేర్పలేదు. మా నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు ఊళ్ళలో మా దోస్తు చేస్తుంటే చూసి నేర్చుకున్నాను.

మేమిద్దరం దేవరకొండలో ఇంటర్ చదివాం. తర్వాత వాడు అక్కడే జిరాక్స్ షాపు పెట్టుకున్నాడు. వాళ్ళది ఎం.బి. చర్చి, అంటే మెనోనైట్ బ్రెదరన్. దేవరకొండ, జడ్చర్ల, నాగర్‌కర్నూల్ వాళ్ళకు ఆ చర్చి గురించి చెప్పక్కర్లేదు. 1890 ప్రాంతంలో రష్యా నుంచి నల్లగొండకు వచ్చిన మెనోనైట్ మిషనరీలతో మొదలైంది. వాళ్ళ జడ్చర్ల ఆస్పత్రిలోనే మావాడు పుట్టాడు. శనివారం మధ్యాహ్నం షాపు మూసి, సంచిలో రేజర్ డబ్బా, గోళ్ళ కత్తెర, నొప్పుల మందు పెట్టుకుని బండి తీసేవాడు. 'పరామర్శకు పోతున్న, నువ్వు గూడ రారాదు' అనేవాడు. మొదట్లో బండి వెనక కూర్చుని తిరగొచ్చని వెళ్ళాను.

ఆ ఊళ్ళలో ఫ్లోరైడ్ బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి తాగిన ఒంట్లో ఎముకలు బిగుసుకుపోతాయి. నడుము వంగిపోతుంది, మెడ తిరగదు, లేవదు. ఆ నీళ్ళను పటిక, సున్నంతో శుద్ధి చేసే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్ళు తయారుచేస్తే, ప్రపంచమంతా దాన్ని 'నల్లగొండ టెక్నిక్' అనే పిలుస్తుంది. పుస్తకాల్లో మా జిల్లా పేరు అట్లా ఎక్కింది గానీ, ఆ ముసలివాళ్ళ మెడలు మాత్రం అట్లనే ఉన్నాయి. మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వచ్చాక పిల్లలకు మేలు జరిగింది. అప్పటికే బిగుసుకున్న ఎముక మళ్ళీ సాగదు.

ఒక తాత ఉండేవాడు. ఒక కొడుకు సూరత్‌లో మగ్గం మీద, ఇంకొకడు భివండీలో. తాత నులక మంచం అంచున కూర్చునేవాడు. మావాడు స్టీలు గ్లాసులో వేడినీళ్ళు పెట్టుకుని, నేలమీద దాదాపు వెల్లకిలా పడుకుని, ఎడమచేత్తో గొంతు కింద చర్మం సాగదీసి పట్టుకుని ఒక్కో గీతా గీసేవాడు. గీతకూ గీతకూ మధ్య ఆగి, తాత గుటక మింగేదాకా చూసేవాడు. నురగ వాడి కళ్ళలో పడేది. ఎందుకురా ఇంత కష్టం, కుర్చీలో వెనక్కి ఆనిద్దామంటే, 'ఆయన మెడ లేవదు గద, మనమే కిందికి పోవాలె' అన్నాడు. అయిపోయాక తాతకు అద్దం చూపించేవాడు. అద్దం కూడా కిందినుంచే పట్టేవాడు.

మతం మార్చడానికి తిరుగుతున్నాడని అన్నవాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. నేను వాడి పక్కన ఉన్నవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, అడగందే ఎవరింట్లోనూ ప్రార్థన చేయలేదు. అవ్వలే అడిగేవాళ్ళు: 'బిడ్డా, నీ దేవునికి నా మోకాళ్ళ సంగతి జెప్పు' అని. అప్పుడు కళ్ళు మూసుకుని రెండు మాటలు చెప్పి, మళ్ళీ గోళ్ళు తీసేవాడు. మా ఇంట్లో బతుకమ్మ పేర్చేవాళ్ళం, వాళ్ళింట్లో క్రిస్మస్‌కు తినేవాళ్ళం. ఆ ఊళ్ళలో ఎవరికీ ఇది సమస్య కాలేదు. మతం మారుస్తున్నాడని అన్నవాళ్ళెవరూ ఆ ముసలివాళ్ళ గడప తొక్కలేదు. ఆసరా పింఛన్ 2,016 రూపాయలకు వేలిముద్ర పడక పోస్టాఫీసు నుంచి తిరిగొచ్చిన అవ్వను మళ్ళీ బండి మీద తీసుకెళ్ళి, పడేదాకా నిలబడ్డది వాడు. 2021 మేలో కరోనా సెకండ్ వేవ్‌లో పోయాడు. ఖననానికి నలుగురినే రానిచ్చారు.

ఇంగ్లండ్‌లో ముసలివాళ్ళను పట్టించుకోరని మనవాళ్ళు అంటుంటారు. నేనట్లా అనను. ఇక్కడ మంచం మీంచి లేపడానికి హాయిస్ట్, అంటే మనిషిని ఎత్తే యంత్రం, ఉంటుంది, దానికి మామూలుగా ఇద్దరు మనుషులు ఉంటారు. బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీలు, మాత్రలకు చార్టు ఉంటాయి. ఆ నులక మంచం తాతకు వీటిలో ఒక్కటి ఉన్నా ఇంకొన్నేళ్ళు సుఖంగా ఉండేవాడు. అయినా ఒకటి మింగుడు పడదు. చేతిలో 23,250 పౌండ్ల కంటే ఎక్కువుంటే కేర్ ఖర్చంతా సొంతంగా పెట్టుకోవాలి. జీవితమంతా కూడబెట్టింది అట్లా పోస్తున్న మనిషికి అరగంటలో స్నానం, మాత్రలు, టోస్ట్. గడ్డానికి టైమ్ లేదట. వారానికోసారి మనవరాలు వచ్చేముందు రోజు ఆయన చెంప మీద చెయ్యి రుద్దుకుంటూ కూర్చుంటాడు. అది చూసి లాగవుట్ అయి వెళ్ళిపోవడం నాకు రాదు. మావాడికి ఎవరూ జీతం ఇవ్వలేదు, ఎవరూ టైమ్ లెక్క అడగలేదు. నాకు జీతం ఉంది, దాంతో ఊళ్ళో అమ్మకు బీపీ మాత్రలు, ఇంటి అప్పు కిస్తీ నడుస్తున్నాయి. 2024 మార్చి తర్వాత వచ్చిన కేర్ వర్కర్లం కాబట్టి పెళ్ళాం పిల్లల్ని తెచ్చుకునే వీలూ లేదు. ఇంత వదులుకుని వచ్చి చేసే పని సగంలో ఆపమంటే ఎట్లా?

నిన్న ఆఫీసుకు ఈమెయిల్ పెట్టాను. కేర్ ప్లాన్ రివ్యూ చేయించండి, షేవింగ్ అందులో రాయండి, వారంలో రెండు రోజులు ముప్పావుగంట ఇవ్వండి అని. రివ్యూకు కౌన్సిల్ సోషల్ వర్కర్ వచ్చినప్పుడు పెద్దాయన ఎదుటే మాట్లాడమని కూడా అడిగాను. ఆయన మాట మెల్లగా వస్తుంది గానీ, ఏం కావాలో ఆయనే చెప్తాడు.