ప్లేటులో గెలిచిన లవంగ నూనె పాలలో తేలిపోయింది: నా ప్రాజెక్టు అనుభవం

ఎమ్మెస్సీ మైక్రోబయాలజీలో నా ప్రాజెక్టు, ఆహారం చెడిపోకుండా కాపాడే మొక్కల రసాయనాల మీద. లవంగంలో యూజినాల్, దాల్చినచెక్కలో సిన్నమాల్డిహైడ్, వాములో థైమాల్ ఉంటాయి. ఇవి బ్యాక్టీరియా పొరను దెబ్బతీస్తాయని అందరూ రాసిందే. ఎంత వేస్తే, దేంట్లో వేస్తే పనిచేస్తాయన్న దగ్గరే చిక్కంతా.

మొదట డిస్క్ పద్ధతి. అగర్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ లాంటి పదార్థం) మీద బ్యాక్టీరియా పరిచి, నూనె అద్దిన కాగితపు బిళ్ల పెట్టి, మర్నాడు దాని చుట్టూ ఖాళీ వలయాన్ని కొలవడం. ఫొటోలు బ్రహ్మాండంగా వస్తాయి. కానీ ఈ నూనెల బలం తేల్చడానికి ఆ వలయాన్ని నమ్ముకోకూడదనే అంటాను. నీళ్లే ఎక్కువగా ఉండే అగర్‌లో నూనె సరిగా పాకదు కాబట్టి బలమైన నూనెకు కూడా చిన్న వలయమే రావచ్చు.

అందుకే 96 గుంటల ప్లేటుకు మారాను. గుంట గుంటకూ మోతాదు సగానికి తగ్గిస్తూ పోతే, బ్యాక్టీరియా పెరగని అతి తక్కువ మోతాదు దొరుకుతుంది. దాన్నే ఎంఐసీ అంటారు. రెసజురిన్ రంగు వేస్తే, బ్యాక్టీరియా బతికున్న గుంట నీలం నుంచి గులాబీకి మారుతుంది. నూనె నీళ్లలో కలవదు కాబట్టి ట్వీన్ 80 వాడాలి. అది మరీ ఎక్కువైతే నూనెను తనలోనే పట్టి ఉంచేసుకుంటుంది, పనితనం తగ్గుతుంది. ఒకసారైతే నూనె అసలు వేయని గుంటల్లో కూడా పెరుగుదల కనిపించలేదు. నాకు టెన్షన్. మా గైడ్ మేడమ్ ప్లేటు వాసన చూసి, "ఆవిరమ్మా, పక్క గుంటల్లోకి పోయింది" అన్నారు. అప్పటి నుంచి ప్లేటుకు సీల్ వేసి, మధ్యలో వరుసలు ఖాళీగా వదిలాను.

ఎంఐసీలు చక్కగానే వచ్చాయి. స్టెఫిలోకాకస్ త్వరగా లొంగింది, బయట ఇంకో పొర ఉన్న ఈ. కోలై మొండికేసింది.

తర్వాత పాలు. ప్లేటులో పనిచేసిన మోతాదే వెన్న తీయని పాలలో వేస్తే బ్యాక్టీరియా ఏమీ జరగనట్టే పెరిగింది. వెన్న తీసిన పాలలో కాస్త నయం. కారణం తేలికే: యూజినాల్ కొవ్వులోకి పోయి కూర్చుంటుంది, బ్యాక్టీరియా ఉండేదేమో నీటి భాగంలో. ప్రొటీన్లు కూడా కొంత పట్టేసుకుంటాయి. అందుకే ఆహారంలో ఎంఐసీకి ఎన్నో రెట్లు వేయాల్సి వస్తుంది.

పోనీ పెంచుదామంటే రుచి. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, బ్యాక్టీరియా జోలి లేని వేరే గదిలో, ఫుడ్ గ్రేడ్ నూనెతో శాంపిళ్లు కలిపి రుచి చూపించాం. "డెంటిస్ట్ దగ్గర కూర్చున్నట్టుంది" అన్నారొకరు. పళ్లలో నింపే సిమెంటులో వాడేదీ యూజినాలే మరి!

చివరికి యూజినాల్‌కు థైమాల్ జత చేసి, రెండింటినీ రకరకాల మోతాదుల్లో కలిపి చూసే చెకర్‌బోర్డ్ పరీక్ష చేశాను. కలిపినప్పుడు వాటి ఎంఐసీలు ఎంత తగ్గాయో చెప్పే ఎఫ్‌ఐసీ సూచీ 0.5 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తేనే ఒకదాని బలం ఇంకొకటి పెంచినట్టు లెక్క. నాది 0.5 కన్నా ఎక్కువే వచ్చింది, అంటే ఆ లెక్కకు అందలేదు. జోడీ కంటే పీహెచ్ తగ్గించి చల్లగా ఉంచడమే ఎక్కువ కలిసొచ్చింది. కొవ్వు తక్కువగా ఉండి, పుల్లగా ఉండి, ఫ్రిజ్‌లో పెట్టే పానీయాలకైతే యూజినాల్ పరిశీలించవచ్చని, వెన్న తీయని పాలకు వద్దని రిపోర్టులో రాశాను. వైవాలో ఎగ్జామినర్ ఎక్కువసేపు అడిగింది కూడా ఆ "వద్దు" గురించే.