పాపకి రక్తం ఎక్కించే ముందు ఆ లైన్ చూడండి

బ్లడ్ బ్యాగ్ వార్డుకొచ్చేసరికి తలసీమియా (తరచూ రక్తం ఎక్కించాల్సి వచ్చే పుట్టు జబ్బు) పాప చేతికి 5% డెక్స్ట్రోజ్ (గ్లూకోజ్ నీళ్లు) ఇంకా ఎక్కుతూనే ఉంది ఈరోజు.

అదే లైన్లో, అంటే అదే గొట్టంలో, రక్తం పెట్టకూడదు. డెక్స్ట్రోజ్ తగిలితే ఎర్రకణాలు ముద్దకట్టి, ఉబ్బి పగులుతాయి. రింగర్ లాక్టేట్ (లవణాలు కలిపిన ఇంకో రకం ద్రవం) అయితే అందులోని కాల్షియం వల్ల రక్తం గొట్టంలోనే గడ్డకడుతుంది. రక్తంతో పాటు అదే గొట్టంలో వెళ్లదగ్గది నార్మల్ సెలైన్ (ఉప్పు నీళ్లు) ఒక్కటే.

బరువు 10 కిలోలు, కిలోకి 15 మి.లీ. చొప్పున 150 మి.లీ. రక్తం. మొదటి 15 నిమిషాలు నెమ్మదిగా, మంచం పక్కనే నిలబడి. రక్తం పడకపోతే జ్వరం, వణుకు, దద్దుర్లు మనకే కనిపిస్తాయి, నడుంనొప్పి కూడా రావచ్చు; కానీ చంటిది నడుంనొప్పి అని చెప్పలేదు కదా, గుక్కపట్టి ఏడుస్తుంది. సూది నొప్పిలే అనుకుంటేనే ప్రమాదం.

అనుమానమొస్తే ముందు రక్తం ఆపాలి, డాక్టర్‌కి ఫోన్ ఆ తర్వాతే. కాన్యులా (సిరలో ఉంచిన సన్నని గొట్టం) మాత్రం తీయొద్దు, కొత్త సెట్‌తో (కొత్త గొట్టంతో) సెలైన్ పెట్టాలి.

బ్లడ్ బ్యాంక్ ఫ్రిజ్ దాటాక 4 గంటల్లోపు రక్తం ఎక్కించడం అయిపోవాలి. ఆ తర్వాత మిగిలితే పారేయడమే.