ఆరు పక్కన గీత

స్టూడియోలో నాకు మొదట అప్పజెప్పిన పని జిరాక్సులు తీయడం. ఏడుగురు వాద్యకారులకి ఏడు కాపీలు. కాగితం నిండా అంకెలే: 1 1 4 1, దాని కింద 6 4 5 5. సాహిత్యం లేదు, స్వరాలు లేవు. కరెంటు మీటరు రీడింగులా ఉంది.

మాది విజయనగరం. మహారాజా సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక మావారి ఉద్యోగం వల్ల అమెరికాలో నాష్‌విల్ వచ్చాం. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఆడియో కోర్సు ఒకటి పూర్తిచేసి, మ్యూజిక్ రో అనే పేటలో ఒక చిన్న స్టూడియోలో అసిస్టెంట్‌గా చేరాను. కంట్రీ అనే అక్కడి పల్లెబాణీ పాటంటే టోపీ, గిటారు అన్నంత వరకే అప్పటికి నాకు తెలుసు.

ఆ అంకెల పద్ధతి ఈ ఊళ్ళోనే పుట్టింది. 1950ల చివర్లో జోర్డనెయిర్స్ గాయక బృందంలోని నీల్ మాథ్యూస్ మొదలుపెడితే, హార్మోనికా వాయించే చార్లీ మెకాయ్ దాన్ని సెషన్ వాద్యకారులకి అలవాటు చేశాడు. 1 అంటే షడ్జం మీద కట్టిన కార్డ్, అంటే మూడు స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం. 4 అంటే మధ్యమం మీద, 5 అంటే పంచమం మీద. గొంతు పట్టేసి గాయని శ్రుతి దించమన్నా కాగితం తిరగరాయక్కర్లేదు. ఇంతేనా అనుకున్నాను. సరళీ స్వరాలు ఏ శ్రుతిలో పాడినా ‘స’ సయే కదా!

ఆ ధీమాయే నన్ను ముంచింది. మనం ఐదు శ్రుతి అనేది, స్వరాలకి అక్షరాల పేర్లు పెట్టుకునే వాళ్ళ లెక్కలో జి. ఇంజినీరు ‘జి’ అనగానే నా బుర్రలో 5 వెలిగేది. తీరా పాట జిలో ఉంటే, అంటే జియే షడ్జమైతే, కాగితం మీది 5 అంటే డి. రెండు వారాలు ఈ తికమకతోనే బతికాను.

మేం చేస్తున్నది ఒక అమ్మాయి మొదటి ఆల్బమ్. తూర్పు టెనెసీ కొండల నుంచి వచ్చింది. వెనక రికార్డు కంపెనీ లేదు. బ్రాడ్‌వే వీధి బార్లలో నాలుగేసి గంటల షిఫ్టులు పాడి, టిప్ జార్‌లో పడిన డబ్బు కూడబెట్టుకుంది. 11 పాటలు. సెషన్లు పదింటికొకటి, రెండింటికొకటి, ఆరింటికొకటి. ఒక్కోటి మూడు గంటలు, దాటితే ఓవర్‌టైమ్. అందుకే గోడ గడియారం వైపు ఆ అమ్మాయి చూసే చూపు మనం ఆటోలో మీటరు చూసే చూపులా ఉండేది.

వాద్యకారులు పాటని మొదటిసారి వినేది ఆ రోజే. గిటారు మీటుకుంటూ ఫోన్లో పాడుకున్న రికార్డింగు ఒకసారి వింటారు, కాగితం మీద పెన్సిల్‌తో ఏవో గుర్తులు పెట్టుకుంటారు, వెళ్ళి కూర్చుని వాయిస్తారు. మూడో టేకుకి పాట తయారు. మా కాలేజీలో ఒక కృతి పాఠం అవడానికి నెల పట్టేది. ఏది గొప్ప అని కాదుగానీ, ఆ రోజు నాకు నోట మాట రాలేదు.

నా తప్పు మొదటిరోజు రెండో సెషన్లో జరిగింది. బ్యాండ్ లీడర్ హడావుడిగా రాసిన కాగితాన్ని నేను సాఫు ప్రతి రాయాలి. ఒకచోట 6 పక్కన చిన్న గీత ఉంది. పెన్సిల్ జారిందనుకుని వదిలేశాను. ఆ గీత మైనర్ కార్డ్‌కి గుర్తు, అంటే మూడు స్వరాల్లో మధ్యది అర మెట్టు దిగుతుంది. గీత లేకపోతే మేజర్.

టేకు మొదలైంది. ఆ చోటు రాగానే చెవిని నమ్మినవాళ్ళు మైనర్, కాగితాన్ని నమ్మినవాళ్ళు మేజర్ వాయించారు. అమ్మాయి షడ్జం మీద నిలబడి పాడుతుంటే కింద శుద్ధ రిషభం మోగింది. నా పళ్ళు జివ్వుమన్నాయి. పెడల్ స్టీల్ వాయించే పెద్దాయన చేతిలోని ఇనుప కడ్డీ ఎత్తేసి కాగితం వంక చూశాడు. పది తీగలు, కాళ్ళ కింద పెడల్స్, మోకాళ్ళ దగ్గర లీవర్లు ఉండే వాద్యం అది. జారు వింటే మన గోటువాద్యం గుర్తొస్తుంది. ఆయన పెన్సిల్ తీసి ఒక గీత గీశాడు. మిగతా ఆరుగురూ గీశారు. ప్రొడ్యూసర్ ఏమీ అనలేదు, గడియారం చూశాడు. తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి మైనర్ గీతలు ఎర్ర స్కెచ్ పెన్నుతో పెడుతున్నాను.

బ్యాండ్ పని నాలుగు రోజుల్లో అయిపోయింది. గొంతుకి మాత్రం నెల పైనే పట్టింది. ఒక్కో పాట ఏడెనిమిది సార్లు పాడించి, పాదం పాదానికీ బాగున్న ముక్క ఏరి అతికిస్తారు. నా ముందు గళ్ళ కాగితం: నిలువునా పాదాలు, అడ్డంగా టేకులు, గళ్ళలో టిక్కులు. ఒకచోట ‘నైట్’ అన్న మాట స్పష్టంగా వచ్చిన టేకుకి టిక్కు పెట్టాను. ప్రొడ్యూసర్ కొట్టేశాడు. ఆ అమ్మాయి తన ఊరి యాసలో ‘నాఆట్’ అని సాగదీసిందే కావాలట. స్పష్టంగా పలికింది టీవీలో వార్తలు చదివినట్టుందన్నాడు. నిజమే.

అక్కడే నా సంగీతం ఒక్కసారి అక్కరకొచ్చింది. శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్‌ని ఇంజినీరు పాట మొత్తానికి వేసి చూశాడు. కింది స్వరం నుంచి పైకి ఆమె జారుతూ వచ్చే చోట్లన్నీ మెట్లు మెట్లుగా విరిగాయి. మాకు గమకం అంటే ఏమిటో చెప్పే ఇంగ్లీషు నాకు లేదు, పాడి చూపించాను. గదిలో అందరూ నా వైపు తిరిగేసరికి చెవులు వేడెక్కాయి. తర్వాత ఆయన జారులు వదిలేసి, నిలిచే స్వరాలు రెండు మూడు మాత్రం చేత్తో సరిచేశాడు.

విడివిడిగా రికార్డు చేసినవాటిని కలిపే మిక్సింగ్, చివరి మెరుగు పెట్టే మాస్టరింగ్ వేరేచోట జరిగాయి, నేను లేను. కాగితాల పని నాకు పడింది. వేరేవాళ్ళు రాసిన పాటలు నాలుగున్నాయి. అప్పటికి, 2023లో, అమ్మే ప్రతి సీడీకీ ఒక్కో పాటకి 12 సెంట్లు రాసినవాళ్ళకి వెళ్ళాలి. అవన్నీ టైపు చేసి పంపాను. చివరికి ఒక పాట తీసేసి పదే ఉంచారు. పోయింది నా గీత లేని పాటే. కారణం నేను అడగలేదు.

సీడీ వచ్చాక లోపలి కాగితం ఫోటో తీసి అమ్మకి పంపాను. కళ్ళజోడు పెట్టుకుని, చీమ తలకాయంత అక్షరాల్లో నా పేరు వెతికి పట్టుకుని ఫోన్ చేసింది.

“ఇందులో నీ పాట ఏదే?”

“నేను పాడలేదమ్మా.”

“మరి వీణా, వయొలినా?”

“అదీ లేదు. అంకెలు వేశాను.”

కాసేపు మాట్లాడలేదు. “లెక్కల్లో నీకు ముప్పై ఆరొచ్చాయనే కదే సంగీతంలో వేశాం,” అంది.