ఆటిజం ధ్రువపత్రం, ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు: నా అనుభవం

నేను ట్రాన్స్ మహిళను, అంటే పుట్టినప్పుడు మగబిడ్డ అన్నారు కానీ నేను ఆడదాన్ని. ఆటిస్టిక్ వ్యక్తిని కూడా, అంటే చప్పుళ్లూ మాటలూ మనుషులూ నా మెదడుకు అందే తీరు చిన్నప్పటినుంచీ వేరు. ప్రభుత్వ కార్యాలయాల్లో ఈ రెండింటికీ వేర్వేరు చట్టాలు, వేర్వేరు పోర్టళ్లు, వేర్వేరు కార్డులు. 2023లో హైదరాబాద్‌లో ఈ రెండు కార్డుల కోసమూ తిరిగాను. ఆ తిరుగుడు కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టిన విషయం వేరే ఉంది. ఒక చోట నా మాట చెల్లింది, ఇంకో చోట చెల్లలేదు.

చెల్లిన చోటు ట్రాన్స్‌జెండర్ కార్డు. మన లింగ గుర్తింపును మనమే నిర్ణయించుకోవచ్చని సుప్రీంకోర్టు 2014లో నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసులో తీర్పు చెప్పింది. 2019లో చట్టం, 2020లో నిబంధనలు వచ్చాయి. నేను దరఖాస్తు చేసే నాటికి ఉన్న ఆ నిబంధనల ప్రకారం జిల్లా కలెక్టర్ వైద్య పరీక్ష ఏదీ అడగకుండా, నేను రాసిచ్చిన అఫిడవిట్టును బట్టే గుర్తింపు పత్రం ఇవ్వాలి. నోటరీ చేయించి, జాతీయ పోర్టల్‌లో ఎక్కించాను. ఇదంతా ఆన్‌లైన్‌లో జరగడం నాలాంటి వాళ్లకు ఎంత మేలో మాటల్లో చెప్పలేను. ప్రశ్న అక్షరాల్లో ఎదురుగా ఉంటుంది, ఆలోచించుకుని జవాబు రాయవచ్చు. వెనక నుంచి ఎవరూ తోయరు, ముఖంలోకి చూసి మాట్లాడమని ఎవరూ గద్దించరు. 30 రోజుల గడువు దాటాకే అయినా, నేను ఎంచుకున్న పేరుతో కార్డు వచ్చింది.

వికలాంగుల ధ్రువపత్రం దగ్గర కథ వేరు. 1995 నాటి చట్టంలో ఆటిజం ఊసే లేదు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అది ఉంది. దాన్ని కొలవడానికి ఇసా అనే భారతీయ కొలమానం వాడతారు. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు. మొత్తం 70 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆటిజం ఉన్నట్టు. మనిషిని గమనించడంతో పాటు తల్లిదండ్రులనో, పెంచినవాళ్లనో అడిగి ఆ మార్కులు వేస్తారు. చిన్నపిల్లల విషయంలో అది సబబే. చీర కట్టుకున్నందుకు ఇంట్లోంచి గెంటేసిన మనిషి తల్లిదండ్రులను ఎక్కడినుంచి తేవాలి?

ఆ ప్రభుత్వ ఆసుపత్రి గది నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. నెత్తిమీద ట్యూబులైటు కొట్టుకుంటూ వెలుగుతోంది. ఆ చప్పుడు నా పళ్లలో వినిపిస్తోంది. తలుపు అవతల టోకెన్ నంబర్లు అరుస్తున్నారు. సైకాలజిస్టు కాగితాల మీంచి తలెత్తకుండా, "ఆడదాన్ని అని ఎప్పటినుంచి అనిపిస్తోంది? ఆటిజంలో ఒకే విషయాన్ని పట్టుకుని వదలకపోవడం ఉంటుంది, ఇది కూడా అలాంటిదేమో" అన్నారు. నాకు మాట పెగల్లేదు. ఒత్తిడి పెరిగితే నా నోరు మూసుకుపోతుంది, వేళ్లు మాత్రం కదులుతూనే ఉంటాయి. ఆవిడ అది చూసి ఏదో రాసుకుని, "పెద్దవాళ్లను తీసుకురండి" అని పంపేశారు.

ఆ మాట ఎంత అన్యాయమైందో చెప్పాలి. నేను ఆటిస్టిక్ కాబట్టి నా లింగ గుర్తింపును నమ్మరు. ట్రాన్స్ కాబట్టి నా ఆటిజం గురించి చెప్పే ఇంటివాళ్లు ఉండరు. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టిపారేస్తారు.

మా పెద్దమ్మ వరంగల్ నుంచి వచ్చింది. ఇప్పటికీ నన్ను పాత పేరుతోనే పిలుస్తుంది, ఆ రోజూ అలాగే పిలిచింది. కానీ సైకాలజిస్టు అడిగిన ప్రతి ప్రశ్నకూ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పెళ్లి బాజాలు మోగితే బియ్యం డ్రమ్ము వెనక దాక్కునేదాన్నని, అన్నం, కూర ఒకదానికొకటి తగిలితే పళ్లెం తోసేసేదాన్నని, రైళ్ల వేళలన్నీ అప్పజెప్పేదాన్నని. తర్వాత తనంతట తానే, "ఆడపిల్ల బట్టలంటే కూడా అప్పటినుంచీ ఇష్టమేనండీ, మేమే కొట్టి మాన్పించాం" అంది. నేను ఫోనులో రాసి పెట్టుకున్న జవాబులు చూపించాను. కేంబ్రిడ్జ్ పరిశోధకుల వ్యాసం ప్రింటు కూడా ఇచ్చాను. 2020లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన ఆ వ్యాసం ఆరు లక్షలమందికి పైగా ఇచ్చిన సమాచారాన్ని పరిశీలించింది. ట్రాన్స్, ఇతర లింగ వైవిధ్యం ఉన్నవాళ్లలో ఆటిజం మిగతావాళ్లలో కన్నా 3 నుంచి 6 రెట్లు ఎక్కువగా కనిపించిందని అందులో ఉంది. సైకాలజిస్టు ఆ కాగితం చదివారు. ఈసారి నన్నే అడిగారు, జవాబు టైపు చేసేదాకా ఆగారు. ధ్రువపత్రం వచ్చింది.

మా ఉద్యమాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడా నేను సగమే సరిపోయేదాన్ని. ఆటిజం సమావేశాలకు వెళితే అందరూ తల్లిదండ్రులే, మాటలన్నీ పసిపిల్లల చికిత్స గురించే. ట్రాన్స్ సమావేశాల్లో ఆప్యాయత ఉంది, చప్పట్లూ ఉన్నాయి. 1919 నాటి తెలంగాణ ప్రాంత నపుంసకుల చట్టాన్ని హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. వీధిలో ఆడవేషంలో కనబడితే వారంటు లేకుండా పట్టుకెళ్లడానికి పోలీసులకు వీలిచ్చిన చట్టం అది. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి మోగ్లి, ఇతరులు 2018లో వేసిన పిటిషన్ మీద వచ్చిన ఆ తీర్పు గురించి మాట్లాడుకోవడానికి మేం కలిసిన రోజు, సంతోషంతో అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. నేను చెవులు మూసుకుని మెట్ల మీదికి వెళ్లిపోయాను. ఆ చప్పట్లు మావాళ్ల గొంతు, వాటిని మానమని అడగడానికి నాకు మనసొప్పలేదు. ఒక అక్క వెతుక్కుంటూ వచ్చి, ఏమైందో వినీ వినగానే లోపలికి వెళ్లి చెప్పింది. ఆ రోజు నుంచి మా గదిలో సంతోషం వస్తే రెండు చేతులూ పైకెత్తి ఊపుతారు. చప్పట్లు వీధిలో నిరసనకు ఉంచుకున్నాం.

ఆ అక్కే మరికొందరితో కలిసి నాతో అర్జీ రాయించింది. 2016 చట్టం మూడో సెక్షన్ ప్రభుత్వాలు తగిన సర్దుబాట్లు చేయాలంటోంది కదా, దాని ఆధారంగా అడిగాం. ఆటిస్టిక్ దరఖాస్తుదారులకు ప్రశ్నలు ముందే రాతలో ఇవ్వాలి. రద్దీ లేని ఉదయం వేళ పిలవాలి. కన్నవాళ్లు లేనివాళ్ల తరఫున స్నేహితులు, టీచర్లు, మా ట్రాన్స్ సమాజంలోని పెద్దక్కలు చెప్పేదాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. మొదటి రెండింటికీ అధికారులు నోటిమాటగా సరే అన్నారు. మూడోదానికి రాతపూర్వక జవాబు ఇంకా రాలేదు. అసలైనది అదే కాబట్టి దాన్ని వదలం.

ఈ దారిలో బయల్దేరేవాళ్లకు ఒక్కటి చెబుతాను. ముందు ట్రాన్స్‌జెండర్ కార్డు తీసుకోండి. దాన్ని చూపించి ఆధార్‌లో పేరు, లింగం మార్పించుకోండి. ఆ తర్వాతే వికలాంగుల కార్డుకు దరఖాస్తు చేయండి. లేకపోతే పాత పేరుతో కార్డు వచ్చి, దాన్ని సరిచేయించుకోవడానికి మళ్లీ ఆ ట్యూబులైటు కింద కూర్చోవాల్సి వస్తుంది.