నాయన పేరు మీద ఒక ప్రైజు

మొన్న శనివారం తిరుపతిలో, నేను సివిల్ చదివిన కాలేజీలో, మా నాయన పేరు మీద పెట్టిన ప్రైజు మొదటిసారి ఇచ్చారు. నాయన 1976లో సర్వేయర్‌గా చేరి పలమనేరు, పుంగనూరు, పుత్తూరు అంటూ జిల్లా అంతా తిరిగి 2010లో రిటైరయ్యాడు. ఇంజనీరింగ్ కాలేజీ మెట్లు ఎక్కింది నన్ను చేర్పించడానికే. ప్రైజు డబ్బు నేనూ తమ్ముడూ వేసుకున్నాం. నాయన దగ్గర కొలత గొలుసు పట్టి పనిచేసిన ఇద్దరు చైన్‌మన్లు కూడా చెరి ఐదు వేలు తెచ్చి చేతిలో పెట్టారు. వద్దన్నా వినలేదు.

డబ్బు కట్టడం సులువుగానే అయిపోయింది. ఎవరికివ్వాలన్న దగ్గరే మూడు నెలలు పట్టింది. సర్వే సబ్జెక్టులో ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లకు ఇద్దామన్నారు కాలేజీవాళ్లు. నేను ఒప్పుకోలేదు. సర్వే క్యాంపులో ఫీల్డ్ బుక్, అంటే కొలిచిన చోటే కొలతలు రాసుకునే పుస్తకం, బాగా రాసినవాళ్లకే ఇవ్వాలన్నాను.

ఎందుకో చెప్పాలంటే పుంగనూరు సంగతి చెప్పాలి. నాకప్పుడు తొమ్మిదేళ్లు, ఎండాకాలం సెలవులు. అన్నదమ్ములిద్దరు చెనిక్కాయ చేను పంచుకుంటుంటే కొలవడానికి వెళ్తూ నాయన నన్నూ తీసుకుపోయాడు. ఆ రోజుల్లో గొలుసే. 66 అడుగులు, 100 లింకులు. పది లింకులకొక ఇత్తడి బిళ్ల వేలాడుతుంటుంది. బిళ్ల అంచుకు పళ్లుంటాయి: పదికి ఒక పన్ను, ఇరవైకి రెండు, ముప్పైకి మూడు, నలభైకి నాలుగు, యాభై దగ్గర గుండ్రటి బిళ్ల. అవతలి కొస నుంచి కూడా ఇదే వరస. అందుకని 40కీ 60కీ నాలుగు పళ్ల బిళ్లే ఉంటుంది. గుండ్రటి బిళ్ల దాటామో లేదో చూసుకోకపోతే అంతే సంగతులు. ఆ రోజు చైన్‌మన్ 60ని 40 అని కేకేశాడు, నాయన 40 అని రాసుకున్నాడు. 20 లింకులంటే 13 అడుగుల పైమాట. ఆ లెక్క ప్రకారం గెనిమ మీద రాయి పాతేసి వచ్చేశాం.

రాత్రి ఇంట్లో పటం గీస్తుంటే చెక్ లైను, అంటే కొలతలు సరిచూసుకోవడానికి అదనంగా కొలిచిన లైను, కుదరలేదు. నాయన అన్నం తినలేదు. తెల్లారి మొదటి బస్సుకే మళ్లీ ఆ ఊరికి పోయాం. అన్నదమ్ములను పిలిపించి, పదిమంది చూస్తుండగా, "తప్పు నాదే, రాయి జరపాల" అన్నాడు. చైన్‌మన్ పేరెత్తలేదు. మళ్లీ కొలిచి, రాయి పెకలించి, సరైన చోట పాతించాడు. తర్వాత గెనిమ మీదే కూర్చుని ఫీల్డ్ బుక్ తెరిచాడు. 40 మీద ఒకే ఒక్క గీత, పైన 60, పక్కన తేదీ, సంతకం. గీత కింద 40 స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. చెరిపెయ్యొచ్చు కదా నాయనా అన్నాను. "రబ్బరు తగిలిన పుస్తకాన్ని ఎవురూ నమ్మరు మా" అన్నాడు.

ఇది మొత్తం హెచ్‌ఓడీ గారికి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "ఇప్పుడంతా టోటల్ స్టేషనే కదమ్మా, రీడింగులు దాంట్లోనే ఉంటాయి" అన్నారు. దూరాలూ కోణాలూ తనే కొలిచి దాచుకునే ఆ మిషన్‌తోనే నేను రోజూ పనిచేసేది. కొలిచే చోట కర్ర మీద నిలబెట్టే ప్రిజం ఎత్తు 1.5 మీటర్లుంటే పొరపాటున 1.3 అని కొట్టామనుకోండి, మిషన్ ఏమీ అనదు. లెవెళ్లన్నీ, అంటే నేల ఎత్తులన్నీ, 20 సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. ఎత్తు ఎంత పెట్టామో, ఎప్పుడు మార్చామో ఎవరో ఒకరు కాగితం మీద రాసి ఉంటేనే ఆ తప్పు దొరుకుతుంది. ఈ మాటకు ఆయన ఒప్పుకున్నారు. పుస్తకాల మీద పేర్లు కనబడకుండా అట్టలు వేసి ముగ్గురు లెక్చరర్లు చూసేటట్టు, కొట్టివేతలకు మార్కులు తగ్గించకుండా ఉండేటట్టు రాసుకున్నాం.

మీటింగులో నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. సర్వేను చిన్న సబ్జెక్టుగా చూసే పిల్లలకు రెండే సంగతులు చెప్పాను. 1794లో మద్రాసులో మైకేల్ టాపింగ్ పెట్టిన సర్వే స్కూలే పెరిగి పెరిగి గిండీ ఇంజనీరింగ్ కాలేజీ అయింది. ఇక భారత సర్వేయర్ జనరల్‌గా చేసిన జార్జ్ ఎవరెస్ట్ వాడిన, కోణాలు కొలిచే థియోడలైట్లను బాగుచేసి నిలబెట్టింది సయ్యద్ మీర్ మొహసిన్ హుస్సేన్, గడియారాలు రిపేరు చేసుకుంటూ పైకొచ్చిన ఆర్కాటు మనిషి. మన చిత్తూరు కూడా 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాలోదే. ఆ మాట అనేటప్పుడు ముందు వరసలో ఉన్న నాయన వైపు చూశాను. తల వంచుకుని ప్రైజు వచ్చిన పుస్తకం చదువుకుంటున్నాడు.

ప్రైజు శ్రీకాళహస్తి వైపు అమ్మాయికి వచ్చింది. స్టేజి దిగాక నాయన ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక పేజీ మీద వేలు పెట్టాడు. కంపాస్ ట్రావర్స్, అంటే దిక్సూచితో వరసగా ఒక్కో లైను దిశ చూస్తూ పోయే సర్వే. ఒక లైనుకు ఈ కొస నుంచి చూసిన ముందు బేరింగుకూ (దిశ కోణం) ఆ కొస నుంచి చూసిన వెనక బేరింగుకూ 180 డిగ్రీల తేడా ఉండాలి, 182న్నర వచ్చింది. ఆ అమ్మాయి అంకె మార్చలేదు. మూడుసార్లు చదివి, మూడూ రాసి, పక్కన "దగ్గర్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, దాని ప్రభావం కావచ్చు" అని చిన్న అక్షరాలతో రాసింది.

"ఎంత దూరంలో ఉండింది మా?" అన్నాడు నాయన.

"కొలవలేదు తాతా."

"ఈడ్నేనా?"

"హాస్టల్ వెనకాల."

నాయన లేచి చేతికర్ర అందుకున్నాడు. భోజనాలకు పిలుస్తున్నారని చెప్పాను. వస్తామన్నాడు. ఆ అమ్మాయి పరుగున వెళ్లి ల్యాబ్‌లో టేపు అడిగి తెచ్చింది. హాస్టల్ వెనకాలికి ముగ్గురం నడిచాం, టేపు రెండో కొస నేను పట్టుకున్నాను.