తేనె సీసాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన పదిహేను రోజులు

వైజాగ్‌లో బీకాం సెకండియర్ చదువుతున్నప్పుడు మా కామర్స్ మేడమ్ ఒక ప్రాజెక్ట్ ఇచ్చారు. పాడేరు వైపు మహిళా సంఘం వాళ్ళు పట్టిన తేనె, అరకిలో సీసా 250 రూపాయలు, మేమే ఇంటింటికీ వెళ్ళి అమ్మాలి, సీసాకి 40 మాకు, మిగతాది సంఘానికి. ముందు డబ్బు కట్టక్కర్లేదు, మిగిలినవి వెనక్కి ఇచ్చేయొచ్చు. జాయినింగ్ ఫీజు తీసుకుని కింద ఇంకో ఇద్దర్ని చేర్పించమంటే అది అమ్మకం కాదు చైన్ సిస్టమ్, అలాంటివి 1978 చట్టంతోనే నిషేధించారు, 2021 డైరెక్ట్ సెల్లింగ్ రూల్స్‌లో కూడా కుదరదని ఉంది అని మేడమ్ మొదటిరోజే గట్టిగా చెప్పారు.

మొదటి మూడు రోజులు ఎంవీపీ కాలనీలో తిరిగితే పోయినవి రెండే సీసాలు. అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేసేవాడు. అప్పుడు మా ఫ్రెండ్ ఒక పద్ధతి చూపించింది, గ్లాసు నీళ్ళలో తేనె చుక్క వేసి అది కరక్కుండా అడుక్కి దిగితే "చూశారా ఆంటీ, ప్యూర్" అనడం. అది బాగా పనిచేసింది, ఒక్కరోజులో తొమ్మిది అమ్మాను, ఆ ఊపులో షుగర్ ఉన్నవాళ్ళు కూడా వాడొచ్చండి అని కూడా అనేశాను, ఎవరు చెప్పారో ఏమో, నాకు మాత్రం తెలీదు.

ఐదోరోజు ఒక రిటైర్డ్ సైన్స్ మాస్టారింట్లో ఇదే చూపిస్తుంటే ఆయనేం మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళి గిన్నెలో చిక్కటి పంచదార పాకం తెచ్చారు. స్పూన్‌తో తీసి అదే గ్లాసులో వేశారు. అదీ తీగలా సాగి నేరుగా అడుక్కే దిగింది. "ఇది కూడా ప్యూరేనా తల్లీ?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. "స్వచ్ఛమో కాదో ల్యాబ్‌లో తేలాలి. నువ్వు నీకు తెలిసిందే చెప్పు, ఎవరు పట్టారు, ఎప్పుడు ప్యాక్ చేశారు, అంతే" అన్నారు. సీసా మాత్రం కొనలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఒక ఆంటీ వాళ్ళాయనకి షుగర్ అని చెప్పి మరీ రెండు సీసాలు తీసుకున్నారు. పొద్దున్నే వెళ్ళాను. "ఆంటీ, నిన్న నేను తప్పు చెప్పాను, తేనెలో ఉండేది కూడా చాలావరకు గ్లూకోజ్, ఫ్రక్టోజే, అంకుల్‌కి షుగర్ పెరుగుతుంది, డబ్బులు తిరిగిచ్చేస్తాను" అన్నాను. ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసి ఒకటే వెనక్కిచ్చారు, ఇంకోటి అప్పటికే మూత తీసేశారు. "పోనీలే, మనవడికి మూడో నెల, నాలిక్కి రాద్దాం" అన్నారు. అయ్యో వద్దాంటీ, ఏడాది నిండేదాకా పిల్లలకి తేనె నాకించకూడదు, బోట్యులిజం అని ప్రమాదమైన జబ్బు రావొచ్చు అని అదీ చెప్పాను. ఈసారి ముందే డాక్టర్‌గారిని అడిగే వెళ్ళాను.

తర్వాత గ్లాసు పట్టుకెళ్ళలేదు. లేబుల్ మీద ప్యాకింగ్ తేదీ, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు చూపించి, చలికి అడుగున పలుకులు కట్టొచ్చు, గోరువెచ్చటి నీళ్ళలో సీసా పెడితే కరుగుతుంది అని ముందే చెప్పేదాన్ని. నిజంగానే డిసెంబర్లో కట్టింది. పంచదార కలిపారంటూ ఫోన్ చేసినవాళ్ళంతా మొదటి ఐదు రోజుల్లో కొన్నవాళ్ళే, ఒక్కొక్కరికీ ఫోన్లో మళ్ళీ మొదట్నించీ చెప్పాల్సి వచ్చింది.

మొత్తం 61 సీసాలు అమ్మాను, నా వాటా 2,440. లెక్కల పుస్తకంలో వెనక్కొచ్చిన సీసా 1, వాపసు 250 అని రాసి, కారణం అన్న గడిలో "నేను తెలియకుండా చెప్పిన మాట" అని రాశాను. మేడమ్ ఆ గడి కింద సంతకం పెట్టి పుస్తకం నా చేతికిచ్చారు.