కార్డ్‌లెస్ మైకుల సెల్లు చార్జింగ్ పెట్టేముందు

బాడీప్యాక్‌కి, అంటే నడుముకి తగిలించుకునే ట్రాన్స్‌మిటర్ పెట్టెకి, యూఎస్‌బీ సాకెట్ కనిపిస్తే చాలు, లోపల ఏ సెల్లున్నా కేబుల్ గుచ్చేస్తారు. కొన్ని మోడళ్లలో ఆ సాకెట్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కోసం పెట్టింది. కొన్నిట్లో చార్జింగ్ ఉంటుంది గానీ, కంపెనీ అమ్మే ప్యాక్ వేస్తేనే. సెన్‌హైజర్ కంపెనీ జీ3, జీ4 బాడీప్యాక్‌లకి వచ్చే ఎల్ 2015 చార్జింగ్ స్టాండునే చూడండి. అదే కంపెనీ బీఏ 2015 బ్యాటరీ ప్యాక్ ఉంటేనే అది చార్జ్ చేస్తుంది. ఆ ప్యాక్‌లో ఒక సెన్సరు ఉంటుంది, స్టాండు దాన్ని చూసి గుర్తుపడుతుంది. విడి సెల్లు రెండు వేస్తే, అవి రీచార్జబుల్ అయినా సరే, పట్టించుకోదు.

స్టాండు పాడైందని దాన్ని తిట్టుకుంటారు గానీ, అది మన సామాను కాపాడే ఏర్పాటు. ఆ ఏర్పాటు లేని చవక సెట్లతోనే అసలు ప్రమాదం. లోపలున్నది ఆల్కలైనో రీచార్జబులో చూడకుండా కరెంటు తోసేస్తాయి. మీ సెట్టు ఏ రకమో మాన్యువల్ చూసినా తేలకపోతే, రక్షణ లేదనే లెక్కేసుకుని సెల్లు బయటికి తీసి విడి చార్జర్‌లో పెట్టండి.

తీశాక సెల్లు మీద రాసింది చదవాలి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ‘పెన్సిల్ సెల్లు ఇవ్వండి’ అని అడిగితే ఒకే ఏఏ సైజులో అయిదు రకాల్లో ఏదైనా చేతికి రావచ్చు. ఆల్కలైన్ 1.5 వోల్టులది. దాన్ని చార్జ్ చేస్తే లోపల గ్యాస్ పుట్టి, ఒత్తిడికి సీలు తెగి, క్షారం బయటికి కారుతుంది. వాడి పారేసే లిథియం సెల్లు ఎక్కువసేపు వస్తుంది, బరువూ తక్కువ, కానీ చార్జర్‌లో పెడితే పేలే ప్రమాదం ఉంది. నికెల్ మెటల్ హైడ్రైడ్ 1.2 వోల్టుల రీచార్జబుల్, మనకి కావలసింది ఇదే. 14500 అని రాసి ఉంటే అది లిథియం అయాన్, 3.7 వోల్టులు. ఫుల్ చార్జ్‌లో ఒక్కోటి 4.2, రెండు కలిపితే 8.4 వోల్టులు అవుతాయి, 3 వోల్టుల ట్రాన్స్‌మిటర్ అక్కడికక్కడే కాలిపోవచ్చు. అయిదోది సెల్లుకే యూఎస్‌బీ రంధ్రం ఉండే 1.5 వోల్టుల లిథియం. దాని లోపల వోల్టేజి దించే చిన్న సర్క్యూట్ ఉంటుంది, కొన్ని సెట్లలో ఆ సర్క్యూట్ గోల ఆడియోలోకి వస్తుంది. పైగా చివరి నిమిషం దాకా మీటర్ ఫుల్ చూపించి ఒక్కసారిగా ఆగిపోతుంది. తలంబ్రాల వేళ పంతులుగారి కాలర్ మైకు అలా ఆగితే ఏం జరుగుతుందో ఫంక్షన్ హాళ్లలో పనిచేసేవాళ్లకి చెప్పక్కర్లేదు. దీన్ని నికెల్ చార్జర్‌లో ఎప్పుడూ పెట్టకూడదు.

ఇక నికెల్ సెల్లు సంగతి. 2700 ఎంఏహెచ్ అని పెద్ద అంకె చూసి కొనకండి. 1900–2000 ఉండే, చార్జ్ నిలుపుకునే రకం మైకులకి మేలు. పెట్టెలో నెలలు పడున్నా చాలావరకు చార్జ్ ఉంటుంది, వయసూ నెమ్మదిగా మీద పడుతుంది. 2000 సెల్లుకి 500 నుంచి 1000 మిల్లీ ఆంపియర్లు ఇచ్చే స్మార్ట్ చార్జర్ తీసుకోండి, రెండు నుంచి నాలుగున్నర గంటల్లో నిండుతుంది. నెమ్మదిగా చార్జ్ చేస్తే సెల్లుకి మంచిదని ఒక నమ్మకం ఉంది. నికెల్ విషయంలో అది సగమే నిజం. సెల్లు నిండగానే వోల్టేజి కొన్ని మిల్లీ వోల్టులు కిందికి దిగుతుంది, చార్జర్ ఆ దిగుడు పట్టుకుని ఆపుతుంది. 200 మిల్లీ ఆంపియర్లతో పెడితే ఆ దిగుడు సరిగా కనిపించదు, చార్జర్ ఆపకుండా ఇస్తూనే ఉండొచ్చు. చివర్లో సెల్లు వెచ్చబడటం మామూలే. పట్టుకోలేనంత వేడెక్కితే తీసేయాలి, చల్లారాక మళ్లీ అంతే అయితే ఆ సెల్లు పని అయిపోయినట్టే.

నాలుగు సెల్లుల చార్జర్‌కి లైట్లు రెండే ఉన్నాయంటే అది జంటలుగా చార్జ్ చేస్తుందన్నమాట. జంటలో ఒకటి ముందే నిండుంటే దాని మీద అదనపు చార్జ్ పడుతుంది. ప్రతి సెల్లుకీ విడి లైటు ఉన్నదే కొనండి.

ఇన్ని గంటలని లెక్కపెట్టి ఆపే టైమర్ చార్జర్లు మన ఊళ్లో అస్సలు పనికిరావు. కరెంటు పోయి జనరేటర్ మీదికి మారిన ప్రతిసారీ టైమర్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. వినాయక చవితి మండపాల్లో రాత్రికి రెండుమూడుసార్లు ఇలా జరిగితే నిండిన సెల్లు తెల్లవార్లూ ఉడుకుతూనే ఉంటుంది.

వేడి ఇంకో శత్రువు. నికెల్ గానీ లిథియం గానీ 45 డిగ్రీలు దాటిన చోట చార్జ్ చేయకూడదు. మే నెలలో హైదరాబాద్ గాలే 40 దాటుతుంది. రేకుల కింద గానీ, ఎండలో ఆగిన వ్యాన్‌లో గానీ చార్జింగ్ పెట్టడం అంటే ఆ హద్దు ఎప్పుడో దాటేసినట్టు. ఆంప్లిఫయర్ ర్యాక్ మీద ఖాళీ ఉంది కదా అని చార్జర్ పెట్టేస్తారు, అదీ అంతే. నేల మీద, గాలి ఆడే చోట, పక్కన గుడ్డా అట్టపెట్టే లేకుండా పెట్టాలి.

యూట్యూబ్ వాళ్లు వాడే చిన్న క్లిప్ మైకుల లోపల లిథియం బ్యాటరీ బిగించే ఉంటుంది. వాటికి 5 వోల్టుల మామూలు యూఎస్‌బీ చాలు. చవక రకాల్లో కొన్ని రెండువైపులా సీ పిన్ను ఉన్న కేబుల్‌తో చార్జ్ అవ్వవు, అప్పుడు బ్యాటరీ పోయిందని పారేయకండి. సాకెట్ దగ్గర ఉండాల్సిన 5.1 కిలోఓమ్ రెసిస్టర్లు రెండూ వేయకపోతే చార్జర్‌కి అవతల పరికరం ఉన్నట్టే తెలియదు. ఒకవైపు పాత వెడల్పు పిన్ను ఉన్న కేబుల్ వాడితే చార్జ్ అవుతుంది. నెలల తరబడి వాడకుండా పెట్టేటప్పుడు సగం చార్జ్‌తో పెట్టండి. పూర్తిగా అడుగంటిన బ్యాటరీ మళ్లీ లేవకపోవచ్చు.

నికెల్ సెల్లుకి కొనగానే మార్కర్‌తో 1ఏ, 1బీ అని జంట నంబరు రాయండి. కలిసి కొన్నవి కలిసే వాడాలి, కలిసే చార్జ్ కావాలి. కొత్తదానితో పాతది కలిపితే పాతది ముందు అడుగంటుతుంది. కొత్తది ఇంకా కరెంటు తోస్తుంటే పాతదానిలో వోల్టేజి తిరగబడి పాడవుతుంది. బయటికి తీసిన సెల్లుకి వోల్ట్ మీటర్ పెట్టి 1.25 వోల్టులు చూసి సంతోషించడం వృథా. లోడ్ లేనప్పుడు, అంటే దాన్నుంచి ఏదీ కరెంటు లాగనప్పుడు, అడుగంటుతున్న నికెల్ సెల్లయినా ఇంచుమించు అంతే చూపించొచ్చు. మెనూలో బ్యాటరీ రకం ఎంచుకునే సెట్టు అయితే అక్కడ నికెల్ పెట్టకపోతే సెట్టు మీది బ్యాటరీ మీటర్ తప్పు చెబుతుంది.

లోపల ఆల్కలైన్ కారి తెల్లగా గడ్డకట్టి ఉంటే గ్లౌజులు వేసుకుని, దూది పుల్లకి ఒక చుక్క నిమ్మరసం గానీ వెనిగర్ గానీ తడిపి తుడవండి. తరవాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బాగా ఆరనివ్వండి. స్ప్రింగు మీది పూత పోయి ఉంటే మార్చడమే. లేకపోతే సెల్లు మంచిదైనా మైకు తొందరగా ఆగిపోతుంది.

లిథియం బ్యాటరీ ఉబ్బిందంటే ఇక చార్జింగ్ వద్దు, నొక్కొద్దు, పొడవొద్దు. ఇసుక ఉన్న ఇనుప డబ్బాలో ఆరుబయట పెట్టి, కరెంటు కొసలకి టేపు వేసి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి. పొద్దున వచ్చే చెత్త ఆటోలో వేస్తే, అక్కడ నలిగి అంటుకోవచ్చు.